పెద్దవాళ్లను కాఫీ షాపులో కూర్చోబెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంగ్లండ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఏమేం చూడవచ్చో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఇంగ్లండ్ వాయవ్యాన కొండలు, సరస్సులు ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతానికి అందులో రెండు పేరాలు దక్కాయి. పొద్దున్నే కారులో బయలుదేరి, విండర్‌మియర్ సరస్సులో పడవెక్కి, ఒడ్డునే ఉన్న బౌనెస్ ఊళ్లో ఐస్‌క్రీమ్ తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చునని రాశారు. పైన కొండల్లో టార్న్‌లని చిన్న చెరువులున్నాయట, అవి కుర్రవాళ్లకేనట. పిల్లలు ఎక్కి దిగేదాకా అమ్మానాన్నలు కింద కాఫీ షాపులో కూర్చోవచ్చునట. ఆ చివరి వాక్యం గురించే ఈ ఉత్తరం. పొడవైనందుకు మన్నించి మొత్తం వేయండి. చోటు చాలకపోతే ఏది తీసేసినా బస్సుల సంగతి, చన్నీళ్ల సంగతి మాత్రం ఉంచండి.

నేను నందికొట్కూరు ప్రాంతంలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు మాంచెస్టర్‌లో ఉంటారు. నాకు, మా ఆయనకు అక్కడికి రాకపోకలు అలవాటే. నాలాంటి తల్లులు, తండ్రులు అక్కడ ఎంతమందో కనబడతారు. విజిటర్ వీసా మీద ఒకసారికి ఆరు నెలల వరకు ఉండవచ్చు. ఆ ఆరు నెలలూ మనవళ్లను బడికి దింపడం, తీసుకురావడం, వంట, టీవీలో సీరియల్, ఆదివారం గుడి. పిల్లలకు సెలవు దొరికితే ఒక కోట, ఒక షాపింగ్ మాల్, ఆ విండర్‌మియర్ పడవ. తిరిగి వెళ్లేటప్పుడు "ఏం చూశారు వదినా?" అంటే "అంతా పచ్చగా ఉంది, చలి ఎక్కువ" అంటారు. వాళ్లకు ఓపిక లేక అలా అనడం లేదు. నడిచి వెళ్లదగ్గ చోటు ఉందని ఎవరూ చెప్పలేదు.

మా వైపు వాళ్ల ఓపిక ఎంతో మీ పత్రికకు తెలియనిది కాదు. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు దాటి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం చేరేవాళ్లలో సగం మంది యాభై దాటినవాళ్లే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లలో ముసలివాళ్లను లెక్కపెట్టండి. భీముని కొలను దగ్గర దిగి, మళ్లీ ఎక్కి, కైలాస ద్వారం దాటిన ఆడమనిషిని లేక్ డిస్ట్రిక్ట్‌లోని లాంగ్‌డేల్ లోయలో కాఫీ షాపులో కూర్చోమనడం నాకు నచ్చలేదు.

అందుకని నేను వెళ్లిన చోట్ల గురించి రాస్తున్నాను. ముందుగా లాంగ్‌డేల్ లోయ పైన కొండల్లో ఉన్న స్టికిల్ టార్న్.

హిమానీనదాల పాఠం వచ్చిన ప్రతిసారీ నల్లబల్ల మీద సుద్దముక్కతో సర్క్ బొమ్మ వేసేదాన్ని. వెనక నిటారుగా రాతిగోడ, ముందు తక్కువ ఎత్తు గట్టు, నడుమ గుంత. ఎండ తగలని వాలులో మంచు ఏటికేడు పేరుకుని గడ్డకడుతుంది. ఆ గడ్డ తన బరువుకు తానే కిందికి జరుగుతూ, గుంతలో తిరుగుడు పడి, అడుగున ఇరుక్కున్న రాళ్లతో రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు నేలను అరగదీస్తుంది. వెనక గోడలోంచి రాళ్లు పెరుకుతుంది. పెరికిన రాళ్లనే ముందు అంచున పోస్తుంది. మంచు కరిగిపోయాక ఆ గుంతలో నీళ్లు నిలుస్తాయి. మా పిల్లలు బల్ల వైపు చూసేవారు, కిటికీలోంచి జొన్నచేల వైపు చూసేవారు, "టీచర్, మంచు రాయిని తవ్వుతుందా?" అని అడిగేవారు. పుస్తకంలో ఉన్నంత చెప్పేదాన్ని.

స్టికిల్ టార్న్ దగ్గర ఆ బొమ్మ అంతా కొండంత ఎత్తున నిలబడి ఉంది. వెనక గోడ పేరు పేవీ ఆర్క్, నల్లటి అగ్నిపర్వత శిల. దాని పాదాన నీళ్లు. నీళ్లకు ఈవల మనం నిలబడే గట్టు. తల తిప్పితే మనం ఎక్కి వచ్చిన లాంగ్‌డేల్ లోయ. అడుగు చదునుగా, రెండు పక్కలా నిటారుగా ఉన్న అచ్చమైన యూ ఆకారపు లోయ. పాఠంలో వేరువేరు బొమ్మలుగా చెప్పినవి ఒకదాని పక్కన ఒకటి ఎలా అమరుతాయో అక్కడ ఒకేచోట కనబడతాయి. ఆఖరి మంచు కరిగిపోయి 11,000 ఏళ్లు దాటింది. భూగోళం లెక్కలో అది నిన్నమొన్నటి మాట. అందుకే గోడ మీద గీతలు ఇంకా చెరగలేదు.

వెళ్లే దారి చెబుతాను. మాంచెస్టర్ నుంచి రైలులో ఆక్సెన్‌హోమ్, అక్కడ మారితే విండర్‌మియర్ స్టేషన్. 1847లో వేసిన చిన్న లైను అది. స్టేషన్ బయటే 555 నంబరు బస్సు ఆగుతుంది. ఆంబుల్‌సైడ్‌లో దిగి 516 ఎక్కితే లాంగ్‌డేల్ లోయ చివర డంజన్ గిల్ దాకా తీసుకెళ్తుంది. ఇంగ్లండ్‌లో ఇప్పుడు చాలా బస్సుల్లో ఒకవైపు టికెట్టు 3 పౌండ్లు మించదు. 516 తరచుగా ఉండదు కనుక తిరుగు బస్సు వేళ ముందే చూసుకోవాలి.

బస్సు దిగిన చోటు నుంచి స్టికిల్ గిల్ అనే వాగు పక్కనే దారి. టార్న్ 473 మీటర్ల ఎత్తున ఉంది. బస్సు దిగిన చోటు నుంచి పైకి 400 మీటర్లకు కొంచెం తక్కువ. చాలా మేర రాళ్లు పరిచిన మెట్లే. మనుషుల కాళ్ల కింద మట్టి కోసుకుపోకుండా స్వచ్ఛంద సేవకులు, రాతిపని తెలిసినవాళ్లు కలిసి ఆ రాళ్లను ఒక్కొక్కటిగా పాతారు. లేక్ డిస్ట్రిక్ట్ కొండదారుల్లో ఈ పని ఏటేటా సాగుతూనే ఉంటుంది. కొన్ని చోట్లకు రాళ్లను హెలికాప్టర్‌లో మోస్తారు. ఒకటి రెండు చోట్ల బండ మీద చేయి ఆనించి ఎక్కాలి. నేను ప్రతి మలుపులో నిలబడి వాగు చూసి, ఊపిరి తీసుకుని ఎక్కాను. "అమ్మా, వానొస్తే వెంటనే దిగిపోదాం" అని అమ్మాయి అంటూనే ఉంది. వాన వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. అక్కడి వాన సంగతే అంత. అదే కొండల అవతల బారోడేల్‌లో సీత్‌వెయిట్ అని చిన్న పల్లె ఉంది, ఇంగ్లండ్‌లో జనం ఉండే చోట్లలో అన్నిటికన్నా ఎక్కువ వాన అక్కడే, ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది. మా కర్నూలు వైపు 700 పడితే మంచి ఏడాది అంటాం. దగ్గరలోని హానిస్టర్ కనుమలో 2015 డిసెంబర్‌లో ఒక్క 24 గంటల్లో 341 మిల్లీమీటర్లు పడింది. మా ఊరికి సగం ఏడాది వాన.

దారి పొడవునా ఎదురైన ప్రతివాళ్లూ పలకరించారు. మాంచెస్టర్ వీధిలో ఎవరూ ఎవరి ముఖం చూడరు. కొండ మీద మాత్రం "ఇంకెంతో లేదు, వచ్చేశారు" అని ధైర్యం చెబుతారు. నాకన్నా పెద్దావిడ ఒకరు రెండు కర్రలు పట్టుకుని ఒంటరిగా దిగుతూ కనిపించారు.

పైన చెరువు అంచున రాతి ఆనకట్ట ఉంది, మీదుగా అలుగు పారుతోంది. ప్రకృతి చేసిన చెరువుకు ఆనకట్ట ఎందుకని తర్వాత తెలుసుకున్నాను. కింద ఎల్టర్‌వాటర్‌లో 1824లో తుపాకిమందు కార్ఖానా పెట్టారు. దాని చక్రాలు ఏటి నీటితో తిరిగేవి. ఏరు సన్నబడిన రోజుల్లో పని ఆగకుండా 1838లో పైన టార్న్ గట్టు ఎత్తు పెంచి, నీళ్లు ఆపుకుని, కావలసినప్పుడు వదులుకున్నారు. చెరువు, గట్టు, తూము, కింద నీటి కోసం ఎదురుచూసేవాళ్లు. మన కథే. కార్ఖానా మూతపడి దగ్గరదగ్గర వందేళ్లు, గట్టు ఉంది. ఆ పక్కనే పైక్ ఆఫ్ స్టికిల్ అనే శిఖరం వాలులో కొత్త రాతియుగం మనుషులు పచ్చటి శిల కొట్టి గొడ్డళ్లు చేసేవారు. ఆ గొడ్డళ్లు బ్రిటన్ నలుమూలలా తవ్వకాల్లో దొరికాయి. మాకు దగ్గరలో బళ్లారి పక్కన సంగనకల్లు కొండల్లో కూడా అదే యుగపు గొడ్డళ్ల పని జరిగింది. ఈ మాట ఆ గట్టు మీద కూర్చుని మా అల్లుడికి చెబితే "ఇన్నేళ్లుగా ఇక్కడుండి ఎవరూ చెప్పలేదత్తయ్యా" అన్నాడు. పేవీ ఆర్క్ గోడను ఏటవాలుగా కోస్తూ జాక్స్ రేక్ అని ఒక పగులు పైకి పోతుంది. అది చేతులతో పాకుతూ ఎక్కేచోటు, ప్రాణాలు పోయిన చోటు కూడా. మన నడక చెరువు గట్టు దగ్గర ఆగాలి.

మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఆయన్ను టార్న్ హౌజ్‌కు తీసుకెళ్లాం. కొనిస్టన్ దగ్గర, కారు దాదాపు నీళ్ల దాకా పోతుంది. చుట్టూ మూడు కిలోమీటర్లకు లోపే చదును బాట, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. అది చూసినవాళ్లందరూ ఎంత సహజమైన అందమో అంటారు. నిజానికి 1860లలో లీడ్స్ నార మిల్లుల కుటుంబానికి చెందిన జేమ్స్ గార్త్ మార్షల్ చిన్న ఆనకట్ట కట్టించి, మూడు చిన్న కుంటలను ఒకటిగా కలిపి, చుట్టూ చెట్లు నాటించాడు. పిల్లల బొమ్మల కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ 1930లో ఆ ఎస్టేటు కొని, చెరువు ఉన్న సగాన్ని, అందమైన చోట్లను, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు అమ్మింది. మోకాళ్లు బాగాలేనివాళ్లకు, చంటిపిల్లలను బండిలో తోసుకుంటూ వచ్చేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. అక్కడ బెంచీ మీద మా ఆయన పులిహోర తింటూ "ఇది చాలు నాకు, ఇంకెక్కడికీ వద్దు" అన్నారు. అంతకుమించి ఆ చోటు గురించి రాయడానికి ఏమీ లేదు, వెళ్లి కూర్చోవాలి.

ఇంకొంచెం కాళ్లలో బలం ఉన్నవాళ్లకు హెల్వెలిన్ కొండ కింద రెడ్ టార్న్. గ్లెన్‌రిడింగ్ ఊరి నుంచి ఎక్కాలి, టార్న్ ఎత్తు 718 మీటర్లు. రెండు పక్కలా కత్తి అంచులాంటి రాతి గట్లు, పాఠంలో అరెటి అని చెప్పేది అదే. ఒకవైపు దాని పేరు స్ట్రైడింగ్ ఎడ్జ్. నీళ్ల దాకా వెళ్లి ఆగవచ్చు. ఆ అంచు మీదికి పెద్దవాళ్లు పోకూడదు, పిల్లలు పిలిచినా సరే. ఆ నీళ్లలో షెల్లీ అనే చేప ఉంది. మంచుయుగం చల్లని నీళ్ల చేప, ఇంగ్లండ్ మొత్తం మీద ఈ ప్రాంతంలోని నాలుగు నీళ్లలోనే మిగిలింది.

ఇక హాస్‌వాటర్ జలాశయం. నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలని ఉన్నది దీని గురించే.

మా పుట్టింటి ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లలో ఒకటి. 1981లో ఖాళీ చేయించారు. ఇళ్ల దూలాలు, వాకిళ్లు ఊడదీసి ఎడ్లబండ్ల మీద వేసుకుని కొత్త ఊరికి వచ్చినవాళ్లం. నీళ్లు దిగిన వేసవుల్లో మావాళ్లు వెళ్లి పాత రచ్చకట్ట ఎక్కడుందో వెతుకుతారు. ఆ వైపే కృష్ణలో సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది, వేపదారు లింగానికి పూజలు జరుగుతాయి, మళ్లీ వరద రాగానే మునుగుతుంది. మీ పత్రికలో ఏటా ఆ ఫొటో వేస్తారు కూడా.

హాస్‌వాటర్ ఒకప్పుడు మామూలు సరస్సు. మాంచెస్టర్ నగరానికి తాగునీళ్లు కావాలని 1919లో పార్లమెంటులో చట్టం చేయించుకుని, 1929లో ఆనకట్ట పని మొదలుపెట్టి, సరస్సు మట్టం 29 మీటర్లు పెంచారు. మార్డేల్ గ్రీన్ అనే ఊరు మునిగింది. చిన్న చర్చి, డన్ బుల్ అనే సత్రం, రాళ్లు పేర్చిన దళ్ల మధ్య పొలాలు. 1935 ఆగస్టులో ఆ చర్చిలో ఆఖరి ప్రార్థన జరిగింది. లోపల కొద్దిమందికే చోటు. బయట నిలబడ్డ జనానికి లౌడ్‌స్పీకర్లు పెట్టారు. తర్వాత ఇళ్లను సైనికులు పేలుడు పదార్థాలతో పేల్చి సాధన చేసుకున్నారు.

నన్ను బాగా కదిలించినది శ్మశానం సంగతి. పూర్వం మార్డేల్‌లో పూడ్చుకునే హక్కు లేక, శవాలను గుర్రాల మీద కట్టి కొండ దాటించి ష్యాప్ అనే ఊరికి మోసుకెళ్లేవారు. ఆ దారిని ఇప్పటికీ శవాల బాట అనే పిలుస్తారు. 1729లో ఊరి చర్చికి సొంత శ్మశానం వచ్చింది. 1736 తర్వాత ఏ శవమూ ఆ కొండ ఎక్కలేదు. రెండువందల ఏళ్ల తర్వాత జలాశయం కోసం ఆ శ్మశానం తవ్వి 97 మంది అస్థికలను తీసి మళ్లీ అదే ష్యాప్‌లో పూడ్చారు.

రోడ్డు హాస్‌వాటర్ తూర్పు గట్టు వెంట పోయి మార్డేల్ హెడ్ దగ్గర ఆగిపోతుంది. అటు బస్సుల సౌకర్యం సరిగా లేదు, కారు కావాలి. నీళ్లలో వుడ్ హౌ అనే చిన్న దీవి కనబడుతుంది. ఊరు ఉన్నది దాని పక్కనే. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో, 1976, 1984, 1995, 2022 లాంటప్పుడు, పొలాల దళ్లు, ఒక చిన్న వంతెన బయటపడతాయి, వేలమంది చూడటానికి వస్తారు. మేము వెళ్లినప్పుడు నీళ్లు నిండుగా ఉన్నాయి. ఏమీ కనబడలేదు. అయినా ఆ దీవి వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అల్లుడు ఏమీ అడగలేదు, కారు దగ్గరే ఉండిపోయాడు. మా అమ్మాయి ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ఇక్కడివే. నా మనవడి పాల సీసాలో కలిపిన నీళ్లు ఒక ఊరి మీద నిలిచిన నీళ్లు. మన హైదరాబాద్ కుళాయిలోకి నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్లు వస్తాయని తెలిసినవాళ్లలో, ఆ సాగర్ కింద ఏముందో అడిగేవాళ్లు ఎంతమంది? మాంచెస్టర్‌లో ఉన్న తెలుగు కుటుంబాలైనా హాస్‌వాటర్ ఒక్కసారి చూడాలి. ఎవరి ఇల్లు మునిగితే మనం నీళ్లు తాగుతున్నామో తెలుసుకోవడం మర్యాద.

అదే చోటు నుంచి కొండెక్కితే రెండు టార్న్‌లు. స్మాల్ వాటర్ దగ్గరిది, పైకి 200 మీటర్ల ఎక్కుడు. ఒడ్డున పూర్వం కనుమ దాటే బాటసారులు తలదాచుకోవడానికి పేర్చిన చిన్న రాతి గూళ్లు ఇంకా ఉన్నాయి, వంగి లోపలికి దూరాలి. రెండోది బ్లీ వాటర్. చూడటానికి చిన్నది, లోతు 63 మీటర్లు! టార్న్‌లన్నిటిలో లోతైనది అదే. ఇంగ్లండ్‌లోకెల్లా లోతైన సరస్సు వాస్ట్ వాటర్ లోతు 79 మీటర్లు అంటే, ఈ చిన్న గుంతలో మంచు ఎంత పని చేసిందో ఆలోచించండి. ఈ లోయలోనే ఇంగ్లండ్‌లో మిగిలిన ఆఖరి బంగారు గద్ద ఒంటరిగా ఉండేది. 2015 తర్వాత కనబడలేదు. హెర్డ్‌విక్ గొర్రెలు మాత్రం ఎక్కడ చూసినా ఉంటాయి. నల్లగా పుట్టి పెరిగేకొద్దీ బూడిద రంగుకు మారతాయి. కంచె లేని కొండ మీద కూడా తమ మేత హద్దు దాటవు. ఆ హద్దు పిల్లకు తల్లి నేర్పుతుంది. 2001లో గాళ్లవ్యాధి వచ్చి మందలను చంపాల్సి వచ్చినప్పుడు అక్కడి రైతులు భయపడింది దాని గురించే. హద్దు తెలిసిన తల్లి పోతే కొత్త గొర్రెకు ఎవరు నేర్పాలి?

కారు లేనివాళ్లు ఇలాంటి కథే బస్సు కిటికీలోంచి చూడవచ్చు. 555 బస్సు గ్రాస్‌మియర్ దాటి కెసిక్ వైపు పోతుంటే ఎడమ పక్కన థర్ల్‌మియర్ వస్తుంది. అదీ మాంచెస్టర్ జలాశయమే. 1879లో చట్టం, 1894లో నగరానికి నీళ్లు. 154 కిలోమీటర్ల కాలువ, ఎక్కడా పంపు లేదు, వాలు మీదే ప్రవహిస్తుంది. దాన్ని ఆపాలని అప్పట్లో పెద్ద ఉద్యమం జరిగింది, ఓడిపోయింది. అలాంటి పోరాటాల్లో ముందున్న హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే చర్చి గురువు తర్వాత 1895లో నేషనల్ ట్రస్ట్ స్థాపించిన ముగ్గురిలో ఒకడయ్యాడు. ఈ రోజు మనం టికెట్టు లేకుండా టార్న్‌ల ఒడ్డున కూర్చుంటున్నామంటే అలాంటివాళ్ల పట్టుదల వల్లే. 1951లో నేషనల్ పార్క్, 2000లో బీడు కొండల మీద ఎవరైనా నడవవచ్చునన్న చట్టం, 2017లో యునెస్కో గుర్తింపు, అన్నీ ఆ తర్వాత వచ్చినవి.

విండర్‌మియర్‌కు నేను వ్యతిరేకిని కాను. 17 కిలోమీటర్ల పొడవు, ఇంగ్లండ్‌లో అతిపెద్ద సహజ సరస్సు, పడవ ప్రయాణం హాయిగానే ఉంటుంది. కానీ వేసవిలో కొన్నిసార్లు నీలి ఆకుపచ్చ నాచు వ్యాపిస్తోంది. మురుగు శుద్ధి కేంద్రాల నుంచి, ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి చేరే భాస్వరమే అందుకు పెద్ద కారణం. హెచ్చరిక బోర్డు ఉంటే మనవళ్లను నీళ్లలో కాళ్లు కూడా పెట్టనివ్వకండి.

పై చెరువుల నీళ్లు స్వచ్ఛం, కానీ మండువేసవిలో కూడా గడ్డకట్టే చలి. ఇది పెద్దవాళ్ల కన్నా కుర్రవాళ్లకు చెప్పాల్సిన మాట. మన పిల్లలు బావిలో, కాలువలో ఈత నేర్చినవాళ్లు, ఆ నీళ్లు వేరు. చన్నీళ్లలో ఒక్కసారిగా దిగితే ఊపిరి బిగుసుకుని, గబగబా పీల్చడంలో నీళ్లు లోపలికి పోతాయి; నిమిషాల్లో చేతులు కదలవు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం దగ్గర మన ఆంధ్ర విద్యార్థులు ఇద్దరు మునిగిపోయారు. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు. ఆ వార్త చదివిన రోజు అన్నం సహించలేదు. ఒడ్డున కూర్చోండి, ఫొటోలు తీసుకోండి, బండ అంచున నిలబడి సెల్ఫీ వద్దు, దూకడం అసలే వద్దు.

కొండ మీద దారి తప్పినా, కాలు బెణికినా 999కు ఫోన్ చేసి ముందు పోలీసును, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేవాళ్లంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులు. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కనుక ఫోన్ మ్యాపును నమ్ముకోవద్దు. అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 1:25,000 మ్యాపులు ఓఎల్4 నుంచి ఓఎల్7 వరకు నాలుగు షీట్లు కొంటే లేక్ డిస్ట్రిక్ట్ దాదాపు అంతా వస్తుంది. మన వాకింగ్ బూట్లు తడి రాతి మీద జారతాయి. చీలమండను పట్టి ఉంచే కొండ బూట్లే వేసుకోవాలి. అక్కడి చారిటీ షాపుల్లో వాడినవి తక్కువకు దొరుకుతాయి. చీర అంచు తడిసి బరువెక్కుతుంది, చుడీదార్ మేలు. నీళ్లు దూరని కోటు సంచిలో ఎప్పుడూ ఉండాలి, ఆకాశం నీలంగా ఉన్నా సరే. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ముందు డాక్టరును అడగండి. గుండె జబ్బు ఉంటే స్టికిల్ టార్న్ వద్దు, టార్న్ హౌజ్ చాలు. దారిలో గేటు తెరిస్తే మూసి వెళ్లండి, గొర్రెలు ఉంటాయి. అరటి తొక్క, నారింజ తొక్క కూడా పారేయకండి; ఆ చలిలో కుళ్లడానికి చాలాకాలం పడుతుంది.

మే, జూన్ నెలలు, సెప్టెంబర్ మొదటి వారాలు మంచివి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కనుక మెల్లగా నడిచేవాళ్లకు కంగారు ఉండదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు పెందలాడే చీకటి, డిసెంబర్‌లోనైతే సాయంత్రం నాలుగు, నాలుగున్నరకే, పైన మంచు; అప్పుడు పెద్దవాళ్లు పైకి వెళ్లవద్దు.

ఆ వ్యాసం రాసినవారికి నాదొక విన్నపం. ఈసారి రాసేటప్పుడు కాఫీ షాపు వాక్యం తీసేసి, ఆ చోట 555, 516 బస్సుల నంబర్లు, టార్న్ హౌజ్ చదును బాట, మార్డేల్ హెడ్ దాకా పోయే రోడ్డు వేయండి. కుదిరితే వేసవి సెలవులకు ముందే వేయండి. మే నెల విమానాలు ఎక్కే తల్లిదండ్రులు మార్చిలోనే బూట్లు కొనుక్కుని, నందికొట్కూరు జూనియర్ కాలేజీ మైదానం చుట్టూ నడక అలవాటు చేసుకుంటారు.

భవదీయురాలు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని,
నందికొట్కూరు, నంద్యాల జిల్లా